ఎరిన్ జాక్సన్ గురించి నెల్లూరు స్కేటింగ్ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా పొద్దున బ్యాచ్‌లో ఎరిన్ జాక్సన్ పేరు తెలియని పిల్లలు లేరు. పెద్దవాళ్ళకే ఆమె ఎవరో తెలియదు. పిల్లల్ని దింపి మెట్ల మీద కూర్చునే తల్లిదండ్రులు, కొత్తగా చేరేవాళ్ళు, కావలి నుంచి, ఒంగోలు నుంచి ఫోన్ చేసేవాళ్ళు నన్ను అడిగే సంగతులన్నీ ఒకచోట రాస్తున్నాను. కోచ్‌ని కాను, ఇద్దరు స్కేటింగ్ పిల్లల తల్లిని. ఈ అమ్మాయి జీవితంలో మన జిల్లా పిలకాయలకి పనికొచ్చేది చాలా ఉందని గట్టిగా నమ్ముతాను కాబట్టి కొన్ని జవాబులు పొడుగ్గానే ఉంటాయి.

ఎరిన్ జాక్సన్ ఎవరు?

అమెరికా స్పీడ్ స్కేటర్. 1992 సెప్టెంబరు 19న ఫ్లోరిడా రాష్ట్రంలోని ఒకాలాలో పుట్టింది. 2022 ఫిబ్రవరి 13న బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో మహిళల 500 మీటర్ల రేసు 37.04 సెకన్లలో ముగించి బంగారు పతకం గెలిచింది. వింటర్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత విభాగంలో బంగారం గెలిచిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. పురుషుల్లో షానీ డేవిస్ 2006లో టొరినోలో 1000 మీటర్లు గెలిచి ఆ ఘనత ముందే సాధించాడు. మహిళల 500 మీటర్లలో అమెరికాకి బంగారం రావడం 1994లో బానీ బ్లెయిర్ గెలిచిన తర్వాత మళ్ళీ ఇదే.

ఐస్ మీద ఆడే ఆట కదక్కా, నెల్లూరులో మనకెందుకు?

అందరికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే.

ఆమె ఊళ్ళో కూడా ఐస్ లేదు. ఒకాలా మంచు పడే ఊరు కాదు. ఫ్లోరిడా నడిమధ్యలో, గుర్రాల పెంపకానికి పేరుపడ్డ ప్రాంతం. వేసవిలో ఎండా ఉక్కపోతా మనకి తెలిసినట్టే ఉంటాయి. జనాభా చూస్తే నెల్లూరు కన్నా చాలా చిన్నది. మన దగ్గర ఐస్ అంటే రొయ్యల లారీల్లోకి గడ్డలు పగలగొట్టి పోసే ఐసే. పాపం, ఆ పిల్లకీ చిన్నప్పుడు ఐస్ మీద నిలబడే యోగం లేదు. ఆమెకి దొరికింది చక్రాల స్కేట్లు, ఒక రోలర్ రింక్, ఒక మంచి కోచ్, తనతోపాటు పరిగెత్తే నలుగురు పిల్లలు. మొదట్లో ఫిగర్ స్కేటింగ్ లాంటి విన్యాసాలు నేర్చుకుని, పదేళ్ళ వయసులో స్పీడ్ వైపు వచ్చింది. ఐస్ సంగతి పాతికేళ్ళు దగ్గరపడుతుండగా మొదలైంది.

అంటే పదిహేనేళ్ళ పాటు, ఇప్పుడు మన పిల్లలు చేస్తున్నదే చేసింది. రింక్ చుట్టూ ఎడమ చేతి వైపు తిరగడం, పడటం, లేవడం, మళ్ళీ తిరగడం.

ఆ ఊరి నుంచి ముగ్గురు ఒలింపిక్స్‌కి వెళ్ళారని అంటారు, నిజమా?

నిజం. బ్రిటనీ బో, జోయీ మాంటియా, ఎరిన్ జాక్సన్. ముగ్గురిదీ ఒకాలాయే, ముగ్గురూ చక్రాల మీద మొదలైనవాళ్ళే. ముగ్గురికీ చిన్నప్పుడు నేర్పింది ఒకే ఆవిడ, పేరు రెనే హిల్డెబ్రాండ్. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌కి, 2022లో బీజింగ్‌కి వెళ్ళిన అమెరికా స్పీడ్ స్కేటింగ్ జట్టులో ఈ ముగ్గురూ ఉన్నారు. బ్రిటనీ మధ్యలో స్కేట్లు పక్కన పెట్టి కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడి, ఆ తర్వాత ఐస్ మీదకి వచ్చింది. 2019లో 1000 మీటర్లలో ప్రపంచ రికార్డు పెట్టింది. జోయీ ఇన్‌లైన్‌లో (చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే స్కేట్లు) లెక్కలేనన్ని ప్రపంచ టైటిళ్ళు గెలిచి వచ్చినవాడు. 2022లో జట్టుగా పరిగెత్తే టీమ్ పర్స్యూట్‌లో కాంస్యం తెచ్చిన జట్టులో అతనున్నాడు.

ఒక్క చిన్న ఊరు, ఒక్క కోచ్, మూడు ఒలింపిక్ పతకాల మెడలు. అక్కడి గాలిలో ఏదో ఉందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఎనిమిదేళ్ళ పిల్లకి వంగే భంగిమ, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మార్చే తీరు ఓపిగ్గా నేర్పే మనిషి ఏళ్ళ తరబడి ఒకేచోట ఉండిపోయారు. అదీ కారణం. మన జిల్లాలోనూ తెల్లవారకముందే లేచి వచ్చి, పిల్లల లేసులు కట్టి, ఫీజు కట్టలేని ఇంటి పిల్లల్ని కూడా వెనక్కి పంపని కోచ్‌లు ఉన్నారు. పిల్లకి మెడల్ వచ్చిన రోజు పేపర్‌లో పిల్ల ఫొటో, పక్కన ఎమ్మెల్యేగారి ఫొటో పడతాయి. కోచ్ పేరు ఉండదు. దయచేసి విలేకరికి మీరే గుర్తు చేసి రాయించండి.

చక్రాల మీద నేర్చుకున్నది ఐస్ మీద పనికొస్తుందా?

చాలావరకు వస్తుంది. కొంత పూర్తిగా మర్చిపోవాల్సి వస్తుంది.

పనికొచ్చేవి చెబుతాను. నడుము వంచి, మోకాళ్ళు బాగా మడిచి, తొడలు మండిపోతున్నా ఆ భంగిమలోనే ఉండగలగడం. మలుపులో కుడి కాలిని ఎడమ కాలి మీదుగా దాటించే క్రాస్‌ఓవర్. నెట్టిన కాలిని వృథాగా గాల్లో ఊపకుండా వెంటనే శరీరం కిందకి తెచ్చుకోవడం. ఇవన్నీ రెండు చోట్లా ఒకటే. స్టార్ట్‌లో గుండె దడ, పక్క లేన్‌లో ఎవరున్నారో చూడకుండా తన పని తాను చేసుకోవడం కూడా అంతే.

ఇబ్బంది ఎక్కడంటే, ఐస్ స్కేట్ కింద ఉండేది ఒక్క మిల్లీమీటరు మందం ఉన్న పొడవాటి ఉక్కు బ్లేడు. రబ్బరులాంటి చక్రం నేలని పట్టుకుంటుంది, కాస్త అటూ ఇటూ నెట్టినా ఊరుకుంటుంది. బ్లేడు ఊరుకోదు. అంచు సరిగ్గా పడకపోతే జారిపోతుంది. ఇన్‌లైన్‌లో వేగం కోసం కాలిని ముందు లోపలికి, తర్వాత బయటికి రెండుసార్లు నెట్టే పద్ధతి ఒకటుంది, డబుల్ పుష్ అంటారు. ఐస్ మీద ఆ అలవాటు అడ్డొస్తుంది. పైగా 1990ల చివర నుంచి అందరూ వాడుతున్నది క్లాప్ స్కేట్. బ్లేడు ముందు భాగం దగ్గర కీలు ఉంటుంది, మడమ దగ్గర షూకి అతికి ఉండదు. మడమ లేచినా బ్లేడు ఇంకాసేపు ఐస్ మీదే ఉండి నెట్టుడు పొడిగిస్తుంది, తర్వాత స్ప్రింగ్ లాగగానే టప్‌మని వెనక్కి కొట్టుకుంటుంది. టీవీలో వినపడే చప్పుడు అదే. చక్రాల మీద మడమ దిగువన ఉన్నంతసేపే నెట్టాలని నేర్చుకున్న కాలికి ఇదంతా కొత్త.

ఎరిన్ కూడా మొదట్లో ఐస్ మీద తడబడింది. అప్పటికే చక్రాల మీద ప్రపంచ స్థాయి పతకాలు గెలిచిన మనిషి, చిన్నపిల్లలతో సమానంగా మళ్ళీ అఆలు దిద్దుకుంది. ఇది నాకు ఆమె బంగారు పతకం కన్నా పెద్ద విషయంగా కనిపిస్తుంది. మన జిల్లాలో అండర్-11లో ఫస్ట్ వచ్చిన పిల్లని క్వాడ్ (ముందు రెండు, వెనక రెండు చక్రాల స్కేట్లు) నుంచి ఇన్‌లైన్‌కి మారమంటేనే, అక్కడ ఓడిపోతుందని తల్లిదండ్రులు భయపడతారు.

అంత బాగా ఆడుతున్న ఆటని వదిలి ఐస్‌కి ఎందుకు వెళ్ళింది?

ఒలింపిక్స్ కోసం. చక్రాల మీద స్పీడ్ స్కేటింగ్ ఒలింపిక్స్‌లో లేదు. 2018లో బ్యూనస్ ఎయిర్స్ యూత్ ఒలింపిక్స్‌లో పెట్టారు గానీ పెద్ద ఒలింపిక్స్‌లోకి రాలేదు. 2023 ఆసియా క్రీడల్లో పెట్టారు, వరల్డ్ గేమ్స్‌లోనూ ఉంది. అందుకని ఇన్‌లైన్ చాంపియన్లు చాలామంది ఐస్ వైపు మళ్ళారు. 2002లో 1500 మీటర్ల బంగారం గెలిచిన డెరెక్ పారా, 2006లో 5000 మీటర్లు గెలిచిన చాడ్ హెడ్రిక్ అలా వచ్చినవాళ్ళే.

నాలుగు నెలల ప్రాక్టీసుతో ఒలింపిక్స్‌కి వెళ్ళిందా? మా వాడు అదే చెప్పి గంతులేస్తున్నాడు.

మీ వాడికి మిగతా సగం కూడా చెప్పండి. లాంగ్ ట్రాక్ (400 మీటర్ల చుట్టు) ఐస్ మీద ఆమె గట్టిగా సాధన చేసింది నాలుగు నెలలే, అది నిజం. 2018 జనవరిలో మిల్వాకీలో జరిగిన అమెరికా ట్రయల్స్‌లో (జట్టుని ఎంపిక చేసే పోటీలు) 500 మీటర్లలో మూడో స్థానంలో వచ్చి జట్టులో చోటు సంపాదించింది. అమెరికా ఒలింపిక్ లాంగ్ ట్రాక్ జట్టులోకి వచ్చిన మొదటి నల్లజాతి మహిళ అయింది. కానీ ఆ నాలుగు నెలల వెనక చక్రాల మీద పదిహేనేళ్ళు ఉన్నాయి. పైగా ప్యాంగ్‌చాంగ్‌లో ఆమెకి వచ్చింది 24వ స్థానం.

ఆ 24వ స్థానం దగ్గర నుంచి మొదటి స్థానానికి నాలుగేళ్ళు పట్టింది. ఆమె సాల్ట్ లేక్ సిటీలో ఉండి సాధన చేసింది. అక్కడి ఓవల్, అంటే ఐస్ ట్రాక్, సముద్ర మట్టానికి 1,400 మీటర్లకి పైన ఉంటుంది, గాలి పలచగా ఉండటంతో వేగం బాగా వస్తుంది. 2021 నవంబరులో పోలాండ్‌లో జరిగిన వరల్డ్ కప్‌లో 500 మీటర్లు గెలిచింది, స్పీడ్ స్కేటింగ్ వరల్డ్ కప్ రేసు గెలిచిన మొదటి నల్లజాతి మహిళగా. ఆ సీజన్‌లో ఒలింపిక్స్ నాటికి ప్రపంచంలో 500 మీటర్లకి నంబర్ వన్ ఆమే.

స్నేహితురాలు తన సీటు ఇచ్చేసిందట కదా? అసలేం జరిగింది?

2022 జనవరి, మళ్ళీ మిల్వాకీలో ట్రయల్స్. ఆ రేసులో ఎరిన్ గెలుస్తుందా అని ఎవరికీ అనుమానం లేదు, ఎంత తేడాతో గెలుస్తుందన్నదే ప్రశ్న. రేసు మధ్యలో కాలు తడబడింది. పడిపోలేదు, పడబోయి నిలదొక్కుకుంది. కానీ 500 మీటర్లలో ఒక్క తప్పటడుగు పడితే కోలుకునే దూరం మిగలదు. మూడో స్థానం వచ్చింది. అమెరికాకి అప్పుడు ఆ రేసులో రెండే చోట్లు. మొదటి స్థానం బ్రిటనీ బోది, రెండోది కిమీ గోట్జ్‌ది.

ప్రపంచ నంబర్ వన్ ఇంట్లో కూర్చుని టీవీలో ఒలింపిక్స్ చూడాల్సిన పరిస్థితి. అప్పుడు బ్రిటనీ తన 500 మీటర్ల చోటు వదులుకుంది, ఎరిన్ వెళ్ళింది. బ్రిటనీకి అసలు బలం 1000, 1500 మీటర్లలో. వాటిలో ఆమెకి ఎలాగూ చోటుంది. అయినా ఒలింపిక్ రేసు ఒలింపిక్ రేసే. నాలుగేళ్ళకోసారి వచ్చేదాన్ని గెలిచి తీసుకుని, చేత్తో పట్టుకుని, పక్కమ్మాయికి ఇవ్వడం మాటలు కాదు. తర్వాత వేరే దేశాలు వదులుకున్న చోట్లు పంచినప్పుడు అమెరికాకి మూడో చోటు వచ్చి బ్రిటనీ కూడా ఆ రేసులో పాల్గొంది. చోటు వదులుకున్నప్పుడు ఆమెకి ఆ సంగతి తెలియదు. బీజింగ్‌లో ప్రారంభోత్సవం నాడు అమెరికా జెండా పట్టుకున్నదీ ఆమే. 1000 మీటర్లలో కాంస్యం గెలిచింది.

ఇద్దరూ ఒకే ఊళ్ళో ఒకే కోచ్ దగ్గర పెరిగారు. బ్రిటనీ నాలుగేళ్ళు పెద్దది. మన భాషలో చెప్పాలంటే అక్క.

ఈ జవాబు రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది మన జిల్లా మీట్‌లలో గ్యాలరీ. పిల్లలు రేసు అయ్యాక ఒకరి నీళ్ళ బాటిల్ ఒకరు తాగుతారు, పడ్డవాళ్ళ మోకాళ్ళు ఊదుతారు. పైన కూర్చున్న పెద్దవాళ్ళం మాత్రం అవతలి పిల్ల వయసు సర్టిఫికెట్ గురించి గుసగుసలాడతాం. పిల్లల్ని చూసి మనం నేర్చుకోవాల్సిందే ఎక్కువ.

బీజింగ్ రేసులో తేడా ఎంత?

ఎరిన్ 37.04, జపాన్‌కి చెందిన మిహో తకాగి 37.12, రష్యన్ జట్టు నుంచి ఆంజెలీనా గోలికోవా 37.21. మొదటి ఇద్దరి మధ్య 0.08 సెకన్లు. నిలబడ్డ చోటు నుంచి మొదలుపెట్టి కూడా ఎరిన్ సగటు వేగం గంటకి 48 కిలోమీటర్లు దాటింది. ఆ వేగంలో 0.08 సెకన్లంటే మీటరు పైచిలుకు.

అమ్మాయి ఇంటర్‌కి వచ్చింది. ఇక స్కేటింగ్ మాన్పించమంటున్నారు. ఎరిన్ చదువుకుందా?

చదువుకుంది, అదీ ఇంజనీరింగ్. ఫ్లోరిడా యూనివర్సిటీలో మెటీరియల్స్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ చేసి 2015లో ఆనర్స్‌తో పట్టా తీసుకుంది. ఆ రోజుల్లోనే ఇన్‌లైన్ పోటీలకి వెళ్తూ ఉండేది. చాలదన్నట్టు రోలర్ డెర్బీ అని, చక్రాల మీద ఒకరినొకరు తోసుకుంటూ ఆడే ఆట కూడా ఆడింది.

మన జిల్లాల సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. పదో తరగతి పరీక్షలు అయిపోయిన నెలలో షూస్ అటక ఎక్కుతాయి. అమ్మాయిలవైతే ఇంకాస్త ముందే ఎక్కుతాయి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది, మలుపు తీసుకుంటే పెద్దవాళ్ళు కూడా నడక ఆపి చూసేవాళ్ళు. హాస్టల్ ఉన్న కాలేజీలో చేర్చారు. రాష్ట్ర స్థాయి మీట్‌కి రెండు రోజులు పంపమని వాళ్ళ నాన్న వెళ్ళి బతిమాలితే, వీక్లీ టెస్ట్ పోతుందని పంపలేదు. ఆ అమ్మాయి మళ్ళీ స్కేట్లు కట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

చదువు వదిలేసి ఆడమని నేను ఎవరికీ చెప్పను. వారానికి మూడు పొద్దులు, గంటంబావు చొప్పున, చదువుని చెడగొట్టవు. ఇంటి నుంచి వెళ్ళివచ్చే కాలేజీలో చేర్చండి. చేరే ముందే ప్రిన్సిపాల్‌గారితో మీట్‌ల గురించి మాట్లాడి, ఒప్పుకున్నది కాగితం మీద రాయించుకోండి. రెండేళ్ళు పూర్తిగా ఆపి మళ్ళీ మొదలుపెట్టడం కన్నా, తక్కువగానైనా కొనసాగించడం వంటికీ మంచిది, మనసుకీ మంచిది. ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. ఒంటికి అతుక్కుని ఉండే రేసు డ్రెస్, స్కిన్ సూట్ గురించి బంధువులు ఏమన్నా అంటే పిల్ల ముందే, పిల్ల వైపు నిలబడి జవాబు చెప్పండి. ఆ వయసులో పిల్లలు ఆటని వదిలేది కాళ్ళు నొప్పి పుట్టి కాదు.

టీవీలో ఐస్ స్కేటర్లకి హెల్మెట్ లేదు. మా అబ్బాయి కూడా తీసేస్తానంటున్నాడు.

వీల్లేదని చెప్పండి. లాంగ్ ట్రాక్‌లో ఒకసారికి ఇద్దరే ఉంటారు, ఎవరి లేన్ వాళ్ళది, పోటీ గడియారంతో. అందుకే అక్కడ హెల్మెట్ లేకుండా చెల్లుతుంది. గుంపుగా పరిగెత్తే మాస్ స్టార్ట్ రేసులో వాళ్ళూ హెల్మెట్ పెట్టుకోవాల్సిందే, చిన్న రింక్‌లో గుంపుగా పోటీపడే షార్ట్ ట్రాక్‌లోనూ అంతే. మన పిల్లలు గుంపుగా, అదీ తారు మీదో సిమెంటు మీదో పరిగెత్తుతారు. ఐస్ మీద పడితే జారుతూ పోతారు. తారు మీద పడితే చర్మం అక్కడే ఉండిపోతుంది.

షూస్ ఎలాంటివి కొనాలి?

మొదటి ఏడాది సైజు మార్చుకునే మామూలు స్కేట్స్ చాలు. పిల్ల ఉంటుందో మానేస్తుందో తెలియకుండా ఖరీదైన ఇన్‌లైన్ సెట్ కొని, తర్వాత ఆ ఖర్చు గుర్తు చేస్తూ పిల్ల మీద టెన్షన్ పెట్టకండి. ఆ తర్వాత సీనియర్ల దగ్గర సెకండ్ హ్యాండ్ చూడండి. కాళ్ళు పెరిగే వయసులో సీనియర్ షూ ఒక సీజన్ వాడి వదిలేసి ఉంటుంది.

కొన్న వస్తువుని చూసుకోవడం నేర్పండి, అది షూ ధర కన్నా ముఖ్యం. ఆదివారం స్కేట్ తిరగేసి చక్రాలు చూడండి. ఎప్పుడూ ఎడమ వైపే తిరుగుతారు కాబట్టి చక్రం రెండు వైపులా ఒకేలా అరగదు. ఒక పక్క చెంప తరిగినట్టు వాలుగా అరుగుతుంది, మొదటి చక్రం ఒకలా, చివరిది ఇంకోలా. అలెన్ కీతో విప్పి, అరిగిన వైపు బయటికి వచ్చేలా తిప్పి, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి, కుడివి ఎడమకి మార్చాలి. బేరింగ్‌ని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటే గరగర వినిపిస్తుందో లేదో తెలిసిపోతుంది. గరగరలాడితే ఇసుక దూరిందన్నమాట. మా పెద్దదానికి పదేళ్ళు, ఈ పని మొత్తం తనే చేసుకుంటుంది, నన్ను చెయ్యి పెట్టనివ్వదు.

మన రోడ్ల మీద, మన ఎండల్లో ప్రాక్టీస్ సాధ్యమేనా?

సాధ్యమే, కాస్త కనిపెట్టుకుని ఉండాలి. మన ఊళ్ళో పెద్ద శత్రువు ఇసుక. పెన్నా ఇసుక లారీలు వెళ్ళిన దారిలో రోడ్డు పక్కన సన్నగా పరుచుకుని ఉంటుంది, కంటికి ఆనదు, చక్రం దాని మీదకి వెళ్ళగానే కాలు జారిపోతుంది. మా బ్యాచ్‌లో వంతులు వేసుకుని ఒక తల్లో తండ్రో ముందు చీపురుతో మలుపులు ఊడుస్తాం. రోహిణి కార్తెలో ఏడింటికల్లా ముగించండి. కార్తీకంలో వాయుగుండాలు మొదలయ్యాక తడి రోడ్డు మీదకి దింపకండి. ముఖ్యంగా రోడ్డు మీద వేసిన తెల్ల గీతలు తడిస్తే చాలా జారుడు.

వాన రోజులు ఊరికే పోనివ్వక్కర్లేదు. ఐస్ చాంపియన్లు కూడా వేసవిలో నెలల తరబడి ఐస్ లేకుండానే సాధన చేస్తారు. సైకిల్, మెట్లు, వంగిన భంగిమలో పక్కకి దూకడాలు, నున్నటి పలక మీద సాక్సులతో అటూ ఇటూ జారే స్లైడ్ బోర్డ్. నున్నటి లామినేట్ షీటు, రెండు పక్కలా గట్టిగా బిగించిన చెక్క పట్టీలు ఉంటే స్లైడ్ బోర్డ్ అయిపోతుంది, మన వడ్రంగి ఎవరైనా చేసిపెడతారు. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం మెట్లు ఎటూ ఉన్నాయి.

మన దేశంలో ఎవరైనా ఆ స్థాయికి వెళ్ళారా?

చక్రాల మీద వెళ్ళారు, అదీ మన పక్కనుంచే. తమిళనాడు కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్కుమార్ 2025 సెప్టెంబరులో చైనాలోని బెయ్‌దైహెలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో 1000 మీటర్ల స్ప్రింట్ 1 నిమిషం 24.924 సెకన్లలో గెలిచాడు. స్పీడ్ స్కేటింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో సీనియర్ల విభాగంలో భారత్‌కి అదే మొదటి బంగారం. అదే పోటీల్లో 500 మీటర్లలో కాంస్యం, 42 కిలోమీటర్ల మారథాన్‌లో మరో బంగారం తెచ్చాడు. అంతకుముందు 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3000 మీటర్ల రిలేలో మన అమ్మాయిల జట్టు, అబ్బాయిల జట్టు రెండూ కాంస్యం గెలిచాయి. అబ్బాయిల జట్టులో ఆనంద్‌కుమార్ ఉన్నాడు.

చెన్నై మనకి రైల్లో మూడు గంటల లోపు దూరం. ఆసుపత్రికీ, పెళ్ళి బట్టలకీ వెళ్తూనే ఉంటాం. ఒక ఆదివారం పిల్లల్ని అక్కడి స్కేటింగ్ పోటీలు చూడటానికి తీసుకెళ్ళండి. తమ వయసు పిల్లలు ఎంత వేగంగా వెళ్తున్నారో కళ్ళతో చూస్తే వాళ్ళకే అర్థమవుతుంది.

సర్టిఫికెట్ విషయంలో ఒక జాగ్రత్త. ఆసియా క్రీడలకీ ప్రపంచ పోటీలకీ మన జట్టు వెళ్ళేది రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ద్వారా. నేషనల్ మీట్ అని పేరు పెట్టి డబ్బు కట్టించుకుని మెడల్స్ పంచే పోటీలు చాలా ఉన్నాయి. కట్టే ముందు ఆ పోటీ ఎవరి గుర్తింపుతో జరుగుతోందో అడగండి.

ఐస్ మీద ఒకసారి ప్రయత్నించాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

డెహ్రాడూన్‌లో హిమాద్రి ఐస్ రింక్ ఉంది. 2025 ఆగస్టులో అక్కడ ఆసియా షార్ట్ ట్రాక్ పోటీలు జరిగాయి. చలికాలంలో లద్దాఖ్‌లో గడ్డకట్టిన ఐస్ మీద పోటీలు పెడతారు. ఎరిన్ పరిగెత్తే 400 మీటర్ల ఇండోర్ ఐస్ ట్రాక్ మాత్రం మన దేశంలో లేదు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఐస్ కోసం తొందరపడొద్దని నా అభిప్రాయం.

ఎన్నో ఏట మొదలుపెట్టాలి?

ఆరేడేళ్ళకి బావుంటుంది. ఎరిన్ స్పీడ్‌లోకి వచ్చింది పదేళ్ళకి, ఐస్‌కి వచ్చింది పాతికేళ్ళకి, ఒలింపిక్ బంగారం 29 ఏళ్ళకి. ఆలస్యమైపోయిందని ఎవరైనా అంటే ఈ మూడు అంకెలు చెప్పండి.

పిల్లలకి బీజింగ్ రేసు చూపించేటప్పుడు ఏం గమనించమనాలి?

మొదటిసారి ఊరికే చూడనివ్వండి, అరవనివ్వండి. రెండోసారి స్టార్ట్ దగ్గర ఆపండి. సిద్ధమన్నాక తుపాకీ పేలేదాకా ఒంట్లో కదలిక ఉండదు. ఒక జతలో మొదటి ఫౌల్ స్టార్ట్‌కి హెచ్చరిక, రెండోదానికి ఎవరు చేసినా ఔట్. మన పిల్లలు పోగొట్టుకునే రేసుల్లో సగం ఇక్కడే పోతాయి. తర్వాత మొదటి 100 మీటర్లు చూపించండి. అడుగులు పొట్టిగా, పాదాలు బయటికి తిరిగి, పరుగులా మొదలై, ఎక్కడో ఒకచోట పొడవాటి జారుడుగా మారతాయి. ఆ మార్పు ఎన్నో అడుగులో వచ్చిందో పిల్లల్నే లెక్కపెట్టమనండి.

వెనక నిటారు దారిలో లోపలి లేన్ మనిషి బయటికి, బయటి లేన్ మనిషి లోపలికి మారతారు. ఇద్దరికీ దూరం సమానం కావడానికి అది. ఇద్దరూ ఒకేసారి అక్కడికి వస్తే బయటి లేన్ నుంచి వచ్చేవాళ్ళకి దారి ఇవ్వాలి. చివరి మలుపులో తొడలు మండుతుంటాయి, అందరూ కాస్త పైకి లేస్తారు. ఎరిన్ నడుము ఎత్తు ఎంత ఉందో అక్కడ ఆపి చూడమనండి. మర్నాడు ప్రాక్టీసులో మీ పిల్ల చివరి ల్యాప్‌ని అదే మలుపు దగ్గర నిలబడి ఫోన్‌లో వీడియో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. మీరేమీ వ్యాఖ్యానించకండి, కోచ్‌గారిని చెప్పనివ్వండి.